అద్దె చెప్పే లెక్క

*బ్యాంకు అప్పు తీసుకుని మొదటిసారి ఫ్లాట్ కొని అద్దెకివ్వాలనుకునే విశాఖ మధ్యతరగతి కుటుంబం అడ్వాన్సు ఇచ్చేముందు వేసుకోవాల్సిన జమాఖర్చు ఇది.*

విశాఖపట్నం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో పెరిగిన ఊరు. 1933లో పోర్టు మొదలైంది. 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి పునాది పడింది. 1971 జనవరిలో ఇందిరాగాంధీ ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. ఒక్కో పరిశ్రమ వచ్చినప్పుడల్లా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, ఒడిశా నుంచి జనం వచ్చి దిగారు. అందరికీ కంపెనీ క్వార్టర్లు దొరకవు కదా. మల్కాపురంలో, కంచరపాలెంలో, గాజువాకలో జాగా ఉన్నవాళ్లు పెరట్లో ఓ పోర్షను, మేడమీద ఓ గది వేసి అద్దెకిచ్చారు. జాగా ఎప్పుడో చవగ్గా కొన్నది. గది కట్టింది చేతిలో ఉన్న డబ్బుతో. వచ్చిన అద్దె వచ్చినట్టే ఇంటి ఖర్చుకు పనికొచ్చేది. "ఒక ఇల్లు అద్దెకుంటే ముసలితనంలో ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు" అన్న నమ్మకం ఈ ఊళ్లో అలా స్థిరపడింది.

నమ్మకం అలాగే ఉంది, లెక్క మాత్రం మారిపోయింది. నేటి కొనుగోలుదారు అదే పని ఫ్లాటు ధర చెల్లించి, రిజిస్ట్రేషను కట్టి, 20 ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకుని చేస్తున్నాడు. పెద్దవాళ్ల అనుభవం చూసి, ఏజెంటు మాట విని, కాగితం మీద నాలుగంకెలు వేసుకోకుండానే టోకెన్ అడ్వాన్సు ఇచ్చేస్తున్న కుటుంబాలు ఉన్నాయి. జీవితకాలపు పొదుపుతో చేసే పని కాబట్టి ఈ లెక్కను ఓపిగ్గా, మొదటినుంచి చివరిదాకా వేసి చూద్దాం.

ధర వార్తను బట్టి, అద్దె జీతాన్ని బట్టి

విశాఖలో భూమి ధర ప్రకటనలతో నడుస్తుంది. 2019 డిసెంబరులో కార్యనిర్వాహక రాజధాని మాట వినపడింది. 2025 జనవరిలో దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది రుషికొండ ఐటీ కొండ మీద టీసీఎస్‌కు నామమాత్రపు ధరకు భూమి ఇస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. అక్టోబరులో గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది. భోగాపురం విమానాశ్రయం సంగతి సరేసరి. ఇలాంటి వార్త వచ్చిన మర్నాడే మధురవాడ, ఆనందపురం వైపు గజం ధర చెప్పే గొంతు మారుతుంది.

అద్దె అలా మారదు. అద్దె ఇచ్చేది పేపర్లో వార్త చూసి సంబరపడేవాడు కాదు, ఒకటో తారీఖున జీతం అందుకునేవాడు. కూర్మన్నపాలెంలో ఉండే కాంట్రాక్టు కార్మికుడికి, ఆరిలోవ హెల్త్ సిటీలో డ్యూటీ చేసే నర్సుకు, మద్దిలపాలెంలో గది తీసుకున్న యూనివర్సిటీ విద్యార్థికి ఎంత స్తోమత ఉందో అంతే అద్దె వస్తుంది. అందుకే ఒక ప్రాంతంలో ధర రెట్టింపైనా అద్దె పదో పరకో పెరిగి ఊరుకోవచ్చు.

మొదటిసారి కొనేవాళ్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే. అద్దె కోసం కొంటున్న ఇంటిని అద్దెతోనే తూచండి. ధర పెరిగితే సంతోషమే, కానీ పెరుగుతుందన్న ఆశను లెక్కలోకి తీసుకుని అప్పు చెయ్యొద్దు. ఆశకు వాయిదా లేదు, అప్పుకు ప్రతి నెలా ఉంది.

45 లక్షల ఫ్లాటు 50 లక్షలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. కూర్మన్నపాలెం దగ్గర పదేళ్ల నాటి అపార్ట్‌మెంటులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. బేరం 45 లక్షలకు కుదిరిందనుకుందాం. ఇవి మనం ఊహించుకున్న అంకెలు. మీ వీధి అంకెలు వేసుకుంటే మీ లెక్క వస్తుంది, పద్ధతి మాత్రం ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదలాయింపు సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. కలిపి 7.5 శాతం. మీరు రాసుకున్న ధర, ప్రభుత్వం పెట్టిన మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. ఆ ప్రభుత్వ విలువలు 2025 ఫిబ్రవరి 1న సవరించారు కాబట్టి పాత అంచనాలతో వెళ్తే రిజిస్ట్రారు ఆఫీసులో చేతిలో డబ్బు చాలదు.

లెక్క ఇలా తేలుతుంది:

ఫ్లాటు ధర: 45,00,000
రిజిస్ట్రేషను ఖర్చు: 3,37,500
ఏజెంటు కమీషను 1 శాతం: 45,000
లాయరు, బ్యాంకు ఫీజులు: 37,500
రంగులు, రిపేర్లు, ఫ్యాన్లు, కుళాయిలు: 80,000
మొత్తం: 50,00,000

ఇంకా ఒక్క రూపాయి అద్దె రాకముందే ఇంటి ఖరీదు 50 లక్షలైంది. ఇకమీద అద్దె ఎంత శాతమని లెక్కవేసినా ఈ 50 లక్షల మీదే వెయ్యాలి. ఏజెంట్లు 45 మీద వేసి చూపిస్తారు.

కొత్త ఫ్లాటు కట్టుబడిలో ఉండగా కొంటే మరో బరువు ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి నిర్మాణంలో ఉన్న ఫ్లాట్లకు జీఎస్టీ 5 శాతం. మన ఊళ్లాంటి చోట 45 లక్షల లోపు ధర, 90 చదరపు మీటర్లలోపు కార్పెట్ ఏరియా ఉంటే 1 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. పైగా కట్టుబడి పూర్తయ్యేదాకా అద్దె సున్నా, బ్యాంకు వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

పన్నెండు నెలల అద్దె పన్నెండు నెలలూ రాదు

ఈ ఫ్లాటుకు నెలకు 13,000 అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 1,56,000. 50 లక్షల మీద 3.12 శాతం. చాలామంది లెక్క ఇక్కడ ఆపేస్తారు.

ఒకాయన ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు రంగులు వెయ్యాలి, టూ లెట్ బోర్డు పెట్టాలి, వచ్చినవాళ్లకు చూపించాలి. ఏడాదికి ఒక నెల ఖాళీ అని పెట్టుకోవడం న్యాయం. అంటే 1,43,000. అందులోంచి ఆస్తి పన్ను 5,000, రిపేర్ల నిధి 15,000, అద్దెదారు మారినప్పుడు అయ్యే రంగులు, కమీషను వగైరా సగటున 8,000, ఇన్సూరెన్సు 2,000, ఖాళీ నెల మెయింటెనెన్సు, లిఫ్టుకో మోటారుకో అసోసియేషన్ అడిగే చందాలు 5,000. మొత్తం 35,000 పోతే మిగిలేది 1,08,000. నెలకు తొమ్మిది వేలు. 50 లక్షల మీద 2.16 శాతం.

పదమూడు వేలు చేతికొస్తున్నట్టు కనిపించిన చోట మిగిలింది తొమ్మిది వేలు. ఈ నాలుగు వేల తేడాను ఒప్పుకోకుండా చేసిన ఏ లెక్కా నిలవదు.

ఆస్తి పన్ను విషయంలో ఒక మాట. రాష్ట్రంలో 2021 నుంచి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఏటా పెంపు 15 శాతానికి మించకుండా పరిమితి పెట్టారు. అంటే మీ అద్దె పెరగకపోయినా ప్రభుత్వ విలువ పెరిగితే పన్ను పెరుగుతుంది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోగా కట్టేస్తే జీవీఎంసీ 5 శాతం తగ్గిస్తుంది. ఆ మాత్రం ఆదా వదులుకోనక్కర్లేదు.

అప్పు ఎంత, భారం ఎంత

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి అప్పు 30 లక్షల దాకా అయితే విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల వరకు అయితే 80 శాతం వరకు బ్యాంకు ఇవ్వచ్చు. రిజిస్ట్రేషను ఖర్చును ఆ విలువలో కలపరు. కాబట్టి మన ఫ్లాటుకు గరిష్ఠంగా 36 లక్షల అప్పు. మిగతా 9 లక్షలు, పై ఖర్చులు 5 లక్షలు, వెరసి 14 లక్షలు మన చేతి డబ్బు. బంగారం తాకట్టు పెట్టో, పర్సనల్ లోను తీసుకునో ఈ 14 లక్షలు పూరించే ఆలోచన ఉంటే అక్కడే ఆగిపోవడం మంచిది.

36 లక్షలకు 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే ఈఎంఐ 30,112. మిగిలే అద్దె తొమ్మిది వేలు. తక్కిన 21 వేల చిల్లర ప్రతి నెలా మన జీతంలోంచి పోవాలి. "అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుంది" అన్న మాట ఎవరైనా అంటే ఈ అంకెను వాళ్ల ముందు పెట్టండి.

మొదటి ఏడాది కట్టే మూడు లక్షల అరవై వేల పైచిలుకులో అసలుకు వెళ్లేది దాదాపు 76 వేలు. మిగతా 2,85,000 వడ్డీయే. అసలు కింద జమైనది మన ఆస్తే, దాన్ని ఖర్చు అనకూడదు. వడ్డీలోంచి మిగిలిన అద్దె తీసేస్తే ఏటా 1,77,000 నికరంగా మన మీద పడుతున్న ఖర్చు. దానికి, మనం పెట్టిన 14 లక్షలు బ్యాంకులో 7 శాతానికి వేసుంటే వచ్చే 98,000 కలపండి. మొత్తం 2,75,000. ఇది 45 లక్షల్లో 6 శాతం పైమాటే. అంటే ఈ ఫ్లాటు ధర మొదటి ఏడాదే 6 శాతం పెరిగితే ఆ ఏడాది ఖర్చు మాత్రమే పూడుతుంది. కొనేటప్పుడు పైన పెట్టిన 5 లక్షలూ వచ్చేంత పెరిగితేనే లాభం. పైగా బిల్డింగు ఏటా పాతబడుతుంది. పెరిగేది భూమి విలువ. అపార్ట్‌మెంటులో మన వాటాకు వచ్చే భూమి నలభయ్యో యాభయ్యో గజాలు. దస్తావేజులో అవిభాజ్య వాటా ఎన్ని గజాలని రాశారో చూడకుండా ఫ్లాటు భవిష్యత్తు ధర గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

ఇక వడ్డీ మారడం గురించి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. 2025లో మళ్లీ తగ్గించుకుంటూ వచ్చింది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే ఫ్లోటింగ్ రేటు ఇంటి అప్పులు ఇలాంటి బయటి రేటుకు ముడిపడి ఉన్నాయి కాబట్టి ఆ సెగ నేరుగా మనకు తగులుతుంది. మన 36 లక్షల అప్పుకు వడ్డీ 10 శాతమైతే ఈఎంఐ 34,741. నెలకు 4,600 అదనం. చాలా సందర్భాల్లో బ్యాంకు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగిస్తుంది. మనకు తెలియకుండానే 20 ఏళ్ల గడువు ఇంకా ఏళ్లకు ఏళ్లు పెరిగిపోతుంది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అని ఎంచుకునే హక్కు అప్పు తీసుకున్నవాళ్లకు ఉందని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు అప్పును ముందుగా తీర్చేస్తే జరిమానా కూడా ఉండదు. బోనస్ వచ్చినా, చిట్టీ పాడినా కొంత అసలులోకి కట్టెయ్యండి.

పన్ను ఆదా అన్న మాట పాతబడింది

"అద్దె ఇల్లు కొంటే ఇన్‌కమ్ ట్యాక్స్ కలిసొస్తుంది" అన్నది ఇంకా వినపడే సలహా. అది ఏ పన్ను విధానంలో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

వచ్చిన అద్దెలోంచి ముందు మీరు కట్టిన మున్సిపల్ పన్ను తీసేస్తారు. మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతులు వగైరాల కింద మినహాయిస్తారు, బిల్లులు చూపించక్కర్లేదు. ఆ పైన అప్పు మీద కట్టిన వడ్డీ. మన ఉదాహరణలో 1,43,000లోంచి 5,000 పోగా 1,38,000. అందులో 30 శాతం పోగా 96,600. వడ్డీ 2,85,000 తీసేస్తే 1,88,000 పైగా నష్టం తేలుతుంది. పాత విధానంలో ఇలాంటి నష్టాన్ని ఏడాదికి 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు సుమారు 39 వేలు ఆదా.

కొత్త విధానంలో ఆ వీలు లేదు. అద్దె ఆదాయం ఉన్నంతవరకే వడ్డీ చెల్లుతుంది, మిగిలిన నష్టం జీతానికి అంటదు. 2023-24 నుంచి మనం వేరేగా కోరుకోకపోతే వర్తించేది కొత్త విధానమే. అంటే చాలామంది జీతగాళ్లకు ఈ ఫ్లాటు వల్ల దక్కేది అద్దె మీద పన్ను లేకపోవడం, అంతే. దాన్ని 39 వేల ఆదాగా ఊహించుకుని బడ్జెట్ వేసుకోకండి.

అమ్మేటప్పటి పన్ను కూడా ముందే తెలియాలి. 2024 జులై 23 తర్వాత కొన్న ఆస్తిని రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, ద్రవ్యోల్బణం సర్దుబాటు ఉండదు. ఇక్కడే బ్లాకు డబ్బు సంగతి వస్తుంది. "సగం వైట్, సగం బ్లాక్" అని అమ్మేవాళ్లు అడిగితే రిజిస్ట్రేషను ఖర్చు తగ్గుతుందని సంతోషించకండి. దస్తావేజులో ధర తక్కువుంటే బ్యాంకు అప్పు తగ్గుతుంది, రేపు అమ్మేటప్పుడు కాగితం మీద లాభం పెరిగి మీరే ఎక్కువ పన్ను కడతారు. ఆస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టరీత్యా నేరుగా జరిమానాకు దారితీసే పని. ఇక ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాల్సింది కొనేవాళ్లే.

అద్దెకు దిగేది ఎవరు?

ఫ్లాటు చూసేముందు అందులో ఎవరుంటారో చూడాలి. గాజువాక, కూర్మన్నపాలెం, దువ్వాడ అంటే ఉక్కు ఫ్యాక్టరీ, గంగవరం పోర్టు, సెజ్, పరవాడ ఫార్మా. సింధియా, మల్కాపురం అంటే షిప్‌యార్డు, రిఫైనరీ, నేవీ. మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, కాలేజీలు. మధురవాడ, పీఎం పాలెం అంటే ఐటీ, గీతం. ఒక్కో చోట అద్దె ఒక్కో జీతం మీద నిలబడింది. ఆ జీతం ఆగితే అద్దె ఆగుతుంది.

ఉక్కు నగరానికి ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. 32 మంది ప్రాణాలర్పించి సాధించుకున్న ఫ్యాక్టరీని పూర్తిగా అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడాది వీఆర్‌ఎస్ తీసుకుని ఉద్యోగులు బయటికొచ్చారు, కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద ఆందోళనలు జరిగాయి. ఒకే గేటు ముందు బతికే వీధిలో కొంటే ఆ గేటు కష్టం మీ ఇంటిదాకా వస్తుంది. మీ జీతం కూడా ఆ గేటు నుంచే వస్తుంటే రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. అలాంటివాళ్లు అద్దె ఇంటిని వేరే ఉపాధి ఉన్న ప్రాంతంలో చూసుకోవడం వివేకం.

అద్దెదారు అడుగుల లెక్కన ఇవ్వడు, గదుల లెక్కన ఇస్తాడు. 1,000 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్‌కు, 1,350 అడుగుల డబుల్ బెడ్‌రూమ్‌కు ధరలో లక్షల తేడా ఉంటుంది, అద్దెలో వెయ్యో రెండు వేలో. పెద్ద హాలు, ఇటాలియన్ మార్బుల్ మనకు ముచ్చట. నీళ్లు, గాలి, బస్సు, పిల్లల బడి అద్దెదారుకు ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో ఆ వీధికి ట్యాంకర్లు వస్తాయా లేదా అన్నది వాచ్‌మన్‌ను అడిగితే నిమిషంలో తేలిపోతుంది.

"మా కులం వాళ్లకే", "శాకాహారులకే", "బ్యాచిలర్లకు లేదు" అని బోర్డులు పెట్టేవాళ్లు తమ మార్కెట్‌ను తామే చిన్నది చేసుకుంటున్నారు. అంతకుమించి, మన అప్పులో వంతు మోసేది ఆ అద్దెదారే. అతన్ని కులం అడిగి వెనక్కి పంపడం లెక్కలోనూ తప్పే, మర్యాదలోనూ తప్పే. వేళకు అద్దె కట్టి, ఇల్లు శుభ్రంగా ఉంచుకునే కుటుంబం దొరికితే పై ఏడాది అద్దె వెయ్యి తక్కువైనా వాళ్లనే ఉంచుకోండి. ఒక నెల ఖాళీగా ఉంటే పోయేది 13 వేలు. అంటే నెలకు వెయ్యి చొప్పున పదమూడు నెలలు తగ్గించినంత.

చవక వెనక కాగితం

కొన్ని చోట్ల లెక్క మరీ బాగా కుదురుతుంది. ధర పక్క వీధిలో సగం, అద్దె మాత్రం అంతే. అలాంటప్పుడు ఆనందించే ముందు కాగితం అడగండి.

సింహాచలం దేవస్థానం పంచగ్రామాలు, అంటే అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లిలో వేల కుటుంబాలు దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని బతుకుతున్నాయి. వాళ్ల కష్టం వేరే కథ, దానికి పరిష్కారం రావాలి. కానీ కొత్తగా పెట్టుబడి పెట్టేవాళ్లు తెలుసుకోవాల్సింది, వివాదంలో ఉన్న ఆ భూములకు రిజిస్ట్రేషను జరగదు, బ్యాంకు అప్పు పుట్టదు. నోటరీ కాగితం మీద కొన్నది మళ్లీ నోటరీ కాగితం మీదే అమ్మాలి. అసైన్డ్ భూములు, సీలింగు మిగులు భూములు, ఉక్కు నిర్వాసితుల ప్లాట్లు, ఇవన్నీ ఈ జిల్లాలో జాగ్రత్తగా చూడాల్సినవి. విశాఖ భూముల అక్రమాల మీద 2017లో, 2019లో రెండుసార్లు ప్రత్యేక దర్యాప్తు బృందాలు వేశారంటే సమస్య ఎంత లోతైందో తెలుస్తుంది.

కాబట్టి ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), లింకు డాక్యుమెంట్లు, 22-ఏ నిషేధిత జాబితా, జీవీఎంసీ లేదా వీఎంఆర్‌డీఏ ఇచ్చిన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడాలి. ప్లానులో నాలుగంతస్తులుండి మీరు కొనేది అయిదోదైతే వదిలెయ్యండి. కొత్త ప్రాజెక్టు స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లకు మించినా రెరా నమోదు తప్పనిసరి. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదు. అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచెయ్యాలి. పాత ఫ్లాటైతే ఆస్తి పన్ను, కరెంటు బిల్లు, అసోసియేషన్ బకాయిలు లేవని రాతపూర్వకంగా తీసుకోండి. లాయరుకిచ్చే పదిహేను, ఇరవై వేలు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఫలితమిచ్చే ఖర్చు.

ఉప్పుగాలి తినేది ఇనుమునే

రిపేర్లకు ఏటా 15,000 ఎందుకన్న సందేహం వస్తే సముద్రానికి దగ్గర్లో పదిహేనేళ్ల నాటి ఏ అపార్ట్‌మెంటుకైనా వెళ్లి బాల్కనీలో నిలబడి తలెత్తి చూడండి. శ్లాబు అడుగున గోధుమరంగు మరక గీతలా కనిపిస్తుంది. లోపలి ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతున్న గుర్తు అది. కొన్నాళ్లకు ఆ గీత వెంబడే పగులు వస్తుంది, ఆ తర్వాత సిమెంటు పెచ్చులూడి చువ్వ బయటపడుతుంది. కిటికీ గ్రిల్లును వేలితో గీస్తే రంగు పొరలా లేచివస్తుంది. వేళ్లకు ఎర్రటి పొడి అంటుతుంది. బాత్రూమ్ కింది ఫ్లాటువాళ్లను ఒక్కమాట అడిగితే నీరు కారుతోందో లేదో చెబుతారు. ఈ మూడూ చూడకుండా గోడల రంగు చూసి కొన్నవాళ్లకు మొదటి రెండేళ్ల అద్దె రిపేర్లకే సరిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. అద్దాలు పగిలి, వాటర్ ట్యాంకులు ఎగిరిపోయి, రోజుల తరబడి కరెంటు లేక జనం పడిన అవస్థ మరిచిపోయేది కాదు. అద్దె ఇంటికి ఇన్సూరెన్సు ఎందుకనే ప్రశ్నకు ఆ రోజే జవాబు. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ "భారత్ గృహ రక్ష" పేరుతో ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి. తుపాను, వరద, భూకంపం అన్నీ అందులోకి వస్తాయి. దెబ్బతిన్న ఇల్లు బాగయ్యేదాకా పోయిన అద్దెకూ పరిహారం ఉంటుంది.

రిటైరైన డబ్బు వేరు

ఇప్పటిదాకా జీతగాళ్ల లెక్క చూశాం. పీఎఫ్, గ్రాట్యుటీ, వీఆర్‌ఎస్ సొమ్ము చేతికొచ్చినవాళ్ల లెక్క వేరు. వాళ్లకు అప్పు అక్కర్లేదు, కానీ నెల ఖర్చు ఆ డబ్బు నుంచే గడవాలి.

పోస్టాఫీసులోనూ, బ్యాంకుల్లోనూ ఉండే సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో ఒకరు 30 లక్షల దాకా వెయ్యొచ్చు. 2025లో వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకోసారి 61,500 ఖాతాలో పడుతుంది. ఏడాదికి 2,46,000. అరవై నిండినవాళ్లే కాకుండా, 55 దాటి వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లు కూడా సొమ్ము అందిన మూడు నెలల్లోగా చేరవచ్చు. మన ఫ్లాటులో 50 లక్షలు నగదు పెట్టినా ఏడాదికి మిగిలేది 1,08,000. అంటే 30 లక్షలు ఇచ్చేదాంట్లో సగం కూడా కాదు.

వడ్డీకి పన్ను ఉంది, అద్దె కాలంతోపాటు పెరుగుతుంది, ఇల్లు పిల్లలకు మిగులుతుంది. ఇవన్నీ నిజమే. అయినా ఆస్పత్రి ఖర్చు వచ్చినప్పుడు ఫ్లాటులోంచి ఓ గది కోసి అమ్ముకోలేం. ఆరోగ్య బీమా, రెండేళ్ల ఇంటి ఖర్చు, నెల నెలా వచ్చే ఆదాయం, ఈ మూడూ కుదిరాక మిగిలిన డబ్బుతో ఇల్లు కొంటే మంచిదే. మొత్తం అందులో పెట్టి కొడుకు దగ్గరో కూతురి దగ్గరో చెయ్యిచాచే పరిస్థితి తెచ్చుకుంటే అద్దె ఇల్లు ఇవ్వాల్సిన ధైర్యాన్ని అదే తీసేసుకున్నట్టు.

బేరం అద్దె నుంచి మొదలుపెట్టండి

ఈ లెక్కంతా చూసి అద్దె ఇల్లు కొనడమే తప్పనుకోవద్దు. లెక్కను తలకిందులు చేసి వాడుకోవాలి. ధర అడిగి అద్దె ఊహించే బదులు, అద్దె తెలుసుకుని ధర కట్టండి. మన ఉదాహరణలో ఏటా మిగిలేది 1,08,000. మీకు 3 శాతం చాలనుకుంటే ఆ ఫ్లాటుకు అన్ని ఖర్చులతో కలిపి పెట్టదగ్గది 36 లక్షలు. 4 శాతం కావాలంటే 27 లక్షలు. ఈ అంకె చేతిలో ఉన్నవాళ్లు బేరంలో తొట్రుపడరు. అమ్మేవాళ్లు దిగకపోతే ఇంకో వీధి చూస్తారు.

వేరే దారులూ ఉన్నాయి. గాజువాక, గోపాలపట్నం, పెందుర్తి లాంటి చోట్ల రెండు మూడు పోర్షన్ల పాత ఇల్లు దొరికితే ఒకటి ఖాళీ అయినా మిగతావి నిలబెడతాయి, కింద భూమి మొత్తం మనది. రిపేర్లు, నీళ్ల తగువులు మనమే చూసుకోవాలి, కాగితాలు మరింత నిశితంగా చూడాలి. ఇప్పటికే సొంతిల్లు ఉండి పైన కట్టడానికి ప్లాను ఉన్నవాళ్లకు మేడమీద ఓ పోర్షను వేసుకోవడమే అన్నిటికన్నా చవకైన అద్దె ఆస్తి. అక్కడ భూమి కొనక్కర్లేదు, రిజిస్ట్రేషను కట్టక్కర్లేదు.

అప్పు చేసి ఫ్లాటే కొనాలని నిశ్చయించుకున్న దంపతులకు ఒక పద్ధతి చెబుతాను. ఈఎంఐలోంచి మిగిలే అద్దె పోగా జీతంలోంచి కట్టాల్సిన 21,000ను ఇవాళ్టి నుంచే నెల నెలా రికరింగ్ డిపాజిట్లో వెయ్యండి. ఏడాదిపాటు, పండగ నెలలోనూ, బడి ఫీజుల నెలలోనూ ఒక్క వాయిదా తప్పకుండా. ఆ ఏడాదిలోనే ఆదివారాలు మీకు నచ్చిన రెండు మూడు వీధుల్లో తిరిగి టూ లెట్ బోర్డుల నంబర్లకు ఫోన్ చేసి అద్దెలు రాసుకోండి, ఆ బోర్డు ఎన్నాళ్లకు దిగిందో గమనించండి. ఇబ్బంది లేకుండా ఏడాది గడిచిందంటే ఆ అప్పు మీరు మొయ్యగలరు. చేతిలో అసలే రెండున్నర లక్షలు ఉంటాయి, అందుకు తగ్గట్టు అప్పు తగ్గించుకోవచ్చు. నాలుగో నెలలోనే ఊపిరాడకపోతే ఆ సంగతి బ్యాంకుకు తెలియకముందే మీకు తెలిసింది. డిపాజిట్ మూసేసి డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. 20 ఏళ్ల అప్పుకు ఆ అవకాశం ఉండదు.